గజంబద్దతో కొలిచిన పాటలు

ఎవరికి ఏ పాట ఇష్టమో వాళ్లకే వదిలేస్తే దేశం ఏమైపోతుందన్న ప్రశ్నకు ఢిల్లీలో ఇంకా జవాబు దొరకలేదు గానీ, పోచంపల్లి నడివాడ మగ్గాల సంఘం మాత్రం 1962లోనే ఒక ఉపసంఘం వేసి తేల్చేసింది.

దీనికంతటికీ మూలం బస్సు. సంఘం వార్షికోత్సవానికి ఏటా భువనగిరి నుంచి జానయ్య బ్యాండు మేళం వచ్చేది. ఆ మేళమంటే నడివాడకు ప్రాణం. జానయ్య సొంతంగా కట్టిన ఐదు పాటలూ అక్కడ పాలుతాగే పిల్లలకు కూడా తెలుసు. ఆ ఏడు మేళం తిరిగి వెళ్లాల్సిన సాయంత్రం బస్సు వేళను ముందుకు జరిపారు. ఇక ఐదు పాటలకు పొద్దు చాలదు, ఒకటి మానుకోవాలి. ఏది మానుకోవాలన్న దాని మీద అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానుకున్నారు. గండయ్య అయితే వియ్యంకుడి ఇంట్లో భోజనమే మానుకున్నాడు.

వాడలోనే మగ్గం నేసే వెంకటరాజానికి ఒక్కటే దిగులు. 'గుట్ట దిగే పాట' పోకూడదు. అది క్లారినెట్ మీద మెల్లగా సాగే పాట. ఆయన మగ్గం నేస్తుంటే భార్య ఆండాళు పక్కనే కూర్చుని రాట్నం మీద కండెలు చుడుతూ, "ఎంత నేసినవు?" అని అడుగుతూ ఉంటుంది. (పెళ్లయిన నాటి నుంచీ వాళ్ల మాటల సారాంశం ఇదే.) ఆ పాట వినబడితే మాత్రం రాట్నం ఆపి, ఏమీ అడగకుండా ఆయన వైపు చూస్తుంది. ఏడాదికి ఒక్కసారి దొరికే ఆ చూపు కోసమే వెంకటరాజం సంఘంలో ఇంకా సభ్యుడిగా ఉన్నాడు.

చేతులెత్తించి లెక్కపెడదామంటే ఉపసంఘం అధ్యక్షుడు పరమేశ్వర్ ఒప్పుకోలేదు.

"ఇష్టమని నోటితోని ఎవడైనా అంటడు. మనం నేసెటోళ్లం. పాట ఇనుకుంట ఎంత బట్ట నేస్తే గంత ఇష్టమున్నట్టు," అని తీర్పు చెప్పాడు.

అందరూ తలలూపారు. పాటను కొలవడానికి ఇంతకన్నా మంచి దారి నడివాడలో ఎవరికీ తోచలేదు.

పరీక్ష కోసం మేళాన్ని ముందుగానే పిలిపించారు. వాడ నడుమ జానయ్య వాయిస్తుంటే ఇళ్లల్లో మగ్గాలు ఆడాయి. పాట ముగిసినప్పుడల్లా కొలతల అధికారి ఐలేశం ఇంటింటికీ తిరిగి బట్ట కొలిచాడు. (ప్రభుత్వం మీటరు తెచ్చింది గానీ, ఐలేశం ఇంకా గజంబద్దనే నమ్ముతున్నాడు.) 'పెళ్లిబండి పాట'కు మగ్గాల్లో నాడెలు అటూ ఇటూ పరుగులు తీశాయి. 'జాతర పాట', మరో రెండూ దానికి కాస్త వెనకబడ్డాయి.

అప్పుడు 'గుట్ట దిగే పాట' మొదలైంది. వాడంతా మగ్గాలు ఆగిపోయాయి. ఆండాళు రాట్నం ఆపి వెంకటరాజాన్ని చూసింది. పరమేశ్వర్ కళ్లు తుడుచుకున్నాడు (దుమ్ము పడిందని తర్వాత మినిట్సులో రాయించాడు). ఐలేశం గజంబద్దను గుండెలకు ఆనించుకుని ఎవరింటి గడపలోనో నిలబడిపోయాడు. పాట అయ్యాక కొలిస్తే ఎక్కడా వేలెడు బట్ట లేదు.

"సున్న," అన్నాడు పరమేశ్వర్.

"పరమేశ్వరన్నా, అందరి చేతులు ఎందుకాగినయో జర సోంచాయించు," అన్నాడు వెంకటరాజం.

"సోంచాయించిన తమ్మీ. నాకు సుత పానం గుంజింది. గని పానాన్ని గజాలల్ల ఎట్ల రాస్తం?"

ఇంతలో గండయ్య లేచి, మేళం ఉత్తగ కూసుంటే ఎంత నేస్తమో కూడా చూడాలన్నాడు. న్యాయమైన కోరికే. జానయ్య మేళం అరుగు మీద చేతులు కట్టుకుని కూర్చుంది. అన్ని పాటలకన్నా ఎక్కువ బట్ట వచ్చింది. జానయ్య మేళం వాయించిన వాటన్నిటిలోకీ నడివాడకు అత్యంత ఇష్టమైనది ఏమీ వాయించకపోవడమేనని ఉపసంఘం ఏకగ్రీవంగా ప్రకటించింది.

"మా బాపు చిన్నప్పటి సంది గిదే చెప్పిండు," అన్నాడు జానయ్య.

వార్షికోత్సవం నాడు మొదటి స్థానం వచ్చినదాన్ని, మర్యాద ప్రకారం, చివరికి ఉంచారు. మిగతా పాటలు అయిపోయాయి. 'గుట్ట దిగే పాట' లేదు. జానయ్య క్లారినెట్‌ను పెదవులకు ఆనించి, ఊదకుండా నిలబడ్డాడు. జనం బుద్ధిగా విన్నారు. కొందరు తాళం కూడా వేశారు. వెంకటరాజానికి ఏడుపొచ్చినంత పనైంది. అయినా ఆశ చావక ఆండాళు వైపు తిరిగాడు. ఆమె కూడా ఆయన వైపే చూసింది.

"ఎంత నేసినవు?" అంది.