అడ్డగీతా విజయము

పలికేది ఒకటి, రాసేది ఇంకొకటి, ఎదుటివాడికి అర్థమయ్యేది మరొకటిగా ముల్లోకాలనూ ముప్పుతిప్పలు పెడుతున్న ఆంగ్లభాషా సామ్రాజ్యలక్ష్మికి ముందుగా ఒక నమస్కారం. పదంలో చోటు సంపాదించుకుని, నోరు మెదపకుండా కాలక్షేపం చేసే మూగ అక్షరాలకూ, వాటిని ఆదర్శంగా తీసుకున్న సమస్త ఆఫీసు సిబ్బందికీ ఇంకొక నమస్కారం. ఇక కథ. సూర్యభగవానుడు కిటికీ అద్దం గుండా దూరి, దుమ్ము పట్టిన ఫైళ్ళ శిఖరాలను స్వర్ణకాంతులతో అభిషేకిస్తున్న ఒకానొక ఉదయాన, టైల్సు తయారుచేసే ఒక కంపెనీ రెండో అంతస్తులో, మంచినీళ్ళ డబ్బాకూ జిరాక్స్ యంత్రానికీ నడుమ వెలసిన చక్రాల సింహాసనం మీద, అన్యదోషాన్వేషణ ధురంధరుడు, అక్షరదోష కాననదావానలుడు, కొనుగోళ్ళ విభాగానికి ఏకైక గుమాస్తా అయిన మన కథానాయకుడు ఆసీనుడై ఉన్నాడు.

తల్లిదండ్రులు పెట్టిన పేరు ఆయనకు ఒకటి ఉంది గానీ ఆఫీసులో ఎవరికీ గుర్తులేదు. అందరూ డిక్షనరీ గారనే అంటారు. మొదట్లో గౌరవంగా అన్నారు, ఆ తర్వాత అలవాటుగా అన్నారు, ఈమధ్య ఆయన అటు తిరిగాక నవ్వుతూ అంటున్నారు. ఆ నవ్వును ఆయన పాండిత్యానికి దక్కిన కప్పంగా స్వీకరించాడు.

ఆయన దిగ్విజయాలు వర్ణించడానికి ఆదిశేషుడికి కూడా ఇంకొన్ని నాలుకలు అద్దెకు కావాలి. నిశ్శబ్దంగా ఉండండి అనే అర్థంలో 'క్వయట్' రాయబోయి చివరి రెండక్షరాలు తారుమారు చేసి 'క్వైట్' రాసిన పాపానికి, రిసెప్షన్‌లోని నోటీసును ఆయన ఎర్ర ఇంకుతో రక్తసిక్తం చేశాడు. 'అడ్వైస్' అనే సలహాకూ 'అడ్వైజ్' అనే సలహా ఇవ్వడానికీ స్పెల్లింగులో తేడా తెలియని మేనేజరుకు అడగకుండానే ఆ రెండూ చేశాడు. అకౌంట్సు మేడమ్ అని పిలవబడే సాధ్వి, కడుపు పాడై సెలవు కోరుతూ 'లూజ్ మోషన్స్' అనే మాటలో ఒక 'ఓ' తగ్గించి రాసినందుకు, "పోగొట్టుకున్నారా అమ్మా? ఎక్కడ పోయాయో చెప్పండి, అందరం వెతుకుదాం" అని నిండు సభలో అడిగాడు. సభ నవ్వింది. ఆవిడ నవ్వలేదు.

ఇంతటి మహావీరుడూ ఏడాదికోసారి కాంట్రాక్టు కాగితం మీద మళ్ళీ సంతకం చేస్తే తప్ప ఉద్యోగంలో ఉండడు. అందుకు సిద్ధమేనా అని పర్సనెల్ ఆఫీసరు అడిగితే, ఆయన ముందురోజు ఒక మెయిల్ పంపాడు. మళ్ళీ సంతకం చేయడాన్ని ఇంగ్లీషులో 'రీ', 'సైన్' అని రెండు ముక్కలుగా రాసి, మధ్యలో చిన్న అడ్డగీత పెట్టాలి. గీత పెట్టకపోతే అవే అక్షరాలు అతుక్కుని 'రిజైన్' అవుతాయి. అంటే రాజీనామా. గీతలు పెట్టడం ఎలిమెంటరీ స్కూలు పిల్లల పని అని మన వీరుడి అభిప్రాయం. కాబట్టి ఆయన పెట్టలేదు. "ఎంతో సంతోషంతో రిజైన్ చేయడానికి సిద్ధంగా ఉన్నాను. దయచేసి వీలైనంత త్వరగా కానివ్వండి" అని పంపి, ఆ వాక్యాన్ని తనే మళ్ళీ చదువుకుని మురిసిపోయాడు. రాజులు కలిస్తే సంధి, పదాలు కలిసినా సంధే. సంధి కుదిరినందువల్ల యుద్ధం వచ్చిపడటం మాత్రం లోకంలో అదే మొదలు.

ఆ ఉదయం జవాబు వచ్చింది. "మీ రాజీనామాను బరువెక్కిన హృదయంతో ఆమోదిస్తున్నాం. మీరు కోరినట్టే త్వరగా కానిస్తున్నాం. మీకు ఈ రోజే ఆఖరు." వీరుడు ముందుగా అందులో కామా ఒకటి తప్పు చోట పడిందని కనిపెట్టి చిరునవ్వు నవ్వాడు. ఆ తర్వాత గానీ భావం బుర్రకెక్కలేదు. ఎక్కాక, చక్రాల సింహాసనం దానంతటదే వెనక్కి పోయింది.

సరిగ్గా అప్పుడే అకౌంట్సు మేడమ్ వచ్చి ఎదురుగా నిలబడింది.

"వెళ్ళిపోతున్నారట కదా సార్. తెలిసి ఆఫీసంతా ఒకటే బాధ" అంది. బాధ ఎక్కడా కనబడకుండా బాగా దాచుకుంది.

"నేను రాసింది మళ్ళీ సంతకం పెడతాననమ్మా."

"అలా అనుకున్నారేమో సార్. అలా రాయలేదుగా. మనం అనుకున్నది కాదు, రాసిందే లెక్క అని మాకు చెప్పింది మీరే."

వీరుడు పక్కకు తిరిగి భార్యకు ఫోన్ చేశాడు.

"ఉద్యోగం పోయింది."

"అయ్యో, ఎవరు తీసేశారండీ?"

"నేనే. ఓ గీత పెట్టలేదు."

"పిల్లదాన్ని కాలేజీలో చేర్చి నెల కాలేదు. ఈ వయసులో మిమ్మల్ని ఇంకెవరు పిలిచి ఉద్యోగం ఇస్తారు? గీతేగా, వెళ్ళి పెట్టేసి రండి" అంది ఆవిడ.

వీరపత్ని ఆజ్ఞ శిరసావహించి ఆయన లేచాడు. క్యాబిన్ల కారడవి దాటి, చూసీ చూడనట్టు చూస్తున్న కళ్ళ శరవర్షాన్ని భరించి, పర్సనెల్ ఆఫీసరు గది వాకిట నిలిచాడు. నిజంగా భయమేసింది. అయినా మనసులో మాత్రం, "ఓ నియామక నిర్మూలనాధికారిణీ, గీతామాత్ర లోపమున కింతటి దండనమా? అక్షరములవియే, హస్తమదియే, ఆశయము మాత్రమే వేఱు. నేను విడిచినది గీతను గాని కొలువును గాదు. మరల నాకు కలమిమ్ము, లేదా నీ కామాలను లోకమునెదుట నిలుపుదును" అని సింహగర్జన చేశాడు.

పైకి మాత్రం, "మేడమ్, ఓ చిన్న మాట" అన్నాడు.

భోజనానికి క్యారియర్ విప్పబోతున్న పర్సనెల్ ఆఫీసరు విషయమంతా విని కళ్ళద్దాలు తీసింది. "చూడండి, అదే వాక్యం గీత పెట్టి మళ్ళీ పంపండి. అక్షరదోషం కింద నిన్నటిది రద్దు చేస్తాను. అంతేగానీ వేరే మాట వాడితే కొత్త దరఖాస్తు అయిపోతుంది. కొత్తవాళ్ళకి ఇంగ్లీషు పరీక్ష పెట్టాలి మరి" అంది. "నా కంప్యూటర్లోనే కొట్టండి. నేను తినడం అయ్యేలోపు పంపేయండి. తర్వాత రాజీనామాల జాబితాలో మీ పేరు హెడ్డాఫీసుకి వెళ్ళిపోతుంది."

అప్పుడు మొదలైంది అసలు యుద్ధం. వీరుడు గీత పెట్టాడు. తప్పులు దిద్దే వ్రతం పట్టిన ఆ కంప్యూటరు గీతను గుటుక్కున మింగి పదాన్ని అతికించేసింది. మళ్ళీ పెట్టాడు, మళ్ళీ మింగింది. నుదుట స్వేదబిందువులు, మీటల మీద ప్రళయతాండవం, తెర మీద అదే రాజీనామా. పైగా ఆ యంత్రం వినయంగా 'తక్షణమే అమలయ్యేలా' అనే ముక్కను కూడా బూడిదరంగులో పక్కనే చూపించి, కావాలా అని అడిగింది. అడగకుండానే దిద్దేవాడి ఎదుట కూర్చుంటే ఎలా ఉంటుందో ఆయనకు జీవితంలో మొదటిసారి తెలిసింది. ఏమాత్రం బాగోలేదు.

"అయిపోవచ్చింది" అంది ఆఫీసరు, మజ్జిగ పోసుకుంటూ.

ఆఖరి ప్రయత్నంగా గీత పెట్టి, కన్నార్పకుండా చూశాడు. ఈసారి ఆ పదం కింద ఎర్రగీత మెలికలు తిరిగింది. దాని మీద నొక్కితే చిన్న పెట్టె ఒకటి తెరుచుకుంది. అందులో రెండే మాటలు. ఒకటి, దిద్దు. రెండోది 'ఇగ్నోర్', అంటే చూసీ చూడనట్టు వదిలెయ్. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఎదుటివాడి తప్పును వదిలేసిన పాపాన పోని ఆ వేలు గాల్లో ఆగిపోయింది. కంప్యూటరు తప్పంటున్నదాన్ని తప్పుగానే వదిలెయ్యాలి. ఇంటి దగ్గర ఫోన్ పక్కన కూర్చుని ఉండే భార్య మొహం కళ్ళముందు మెదిలింది. కళ్ళు మూసుకుని, వదిలెయ్ అన్నదాన్ని నొక్కాడు.

గీత నిలిచింది. మెయిల్ వెళ్ళింది. కాంట్రాక్టు కాగితం వచ్చింది. మహావీరుడు మళ్ళీ సంతకం చేసి, గోడకు ఆనుకుని భార్యకు ఫోన్ చేశాడు.

"పెట్టారా అంటావని చేశాను. పెట్టాను" అన్నాడు.

"హమ్మయ్య. ఇంతకీ అది ఎంతుంటుందండీ?"

"నువ్వుగింజలో సగం ఉంటుంది."

"దానికా పొద్దున్నుంచి నా ప్రాణాలు తోడేశారు" అని ఫోన్ పెట్టేసింది ఆవిడ.

కావున లోకులారా, దిక్కులు పిక్కటిల్లేలా చాటించండి. నువ్వుగింజలో సగం పొడవూ, వెంట్రుక మందమూ గల మహాసామ్రాజ్యాన్ని, ఒక కంప్యూటరు కోరలు పెరికి, ఒక క్యారియర్ ఖాళీ అయ్యేలోపు జయించి, నిన్నటిదాకా తనదే అయిన కుర్చీని తిరిగి తనదే చేసుకున్న మహావీరుడికి జయము జయము. సామ్రాజ్యం ఏడాది పాటు ఆయనదే.