పాల డబ్బాల్లో పదవి

ఆ శనివారం పొద్దున వర్లిన్ స్టబ్ పెట్టుకున్న పనులు మూడే: కాఫీ తాగడం, కాల్పుల పోటీకి గురి బొమ్మలు నిలబెట్టడం, మధ్యాహ్నం ఎన్నికలో ఎర్రటోపీ నిలబెట్టుకోవడం. ఐడహో కొండల్లోని ఆ తుపాకీ క్లబ్బుకు పదకొండేళ్లుగా ఎర్రటోపీ పెట్టుకుని కాల్పుల మైదానాన్ని అదుపులో ఉంచే రేంజి అధికారి ఆయనే. గోడమీద నలభై ఒక్క నియమాలు రాసి తగిలించాడు. ఆయన్ని నియమించింది సభ్యులు, వాళ్ల మీద నియమాలు మోపింది ఆయన.

సెప్టెంబరు నెల. అడవంతా ఎండుగడ్డి. గుండు తగలగానే పేలే గురి బొమ్మలు నిషేధం. ఉత్త కాగితాన్ని కాల్చమంటే జనం రారు. తగిలిందంటే అది మోగాలి, కూలాలి, లేదా చిమ్మాలి. అందుకే వర్లిన్ ఖాళీ ప్లాస్టిక్ పాల డబ్బాల్లో రంగునీళ్లు నింపుతాడు. నిరుడు ఎర్రరంగు కలిపితే నెత్తురనుకుని కోశాధికారి మూర్ఛపోయాడు. ఈసారి తేనెరంగు కలిపాడు.

"గ్యారేజీలో డబ్బాలు తీసుకెళ్తున్నా!" అని కేకేశాడు.

"ఏ అరలోవి?" అని వంటింట్లోంచి భార్య ఆర్డిత్ అడిగేసరికి ట్రక్కు మలుపు తిరిగిపోయింది.

రెండో అరలో ఉన్నవి ఆర్డిత్ మూడు వారాల కిందట పిండి, మూత బిగించి పులియబెట్టిన ఆపిల్ రసం. అవీ పాల డబ్బాలే. రంగూ తేనెరంగే. కాకపోతే పులిసిన గ్యాసుతో లోపల బిర్రుగా ఉబ్బి ఉన్నాయి.

క్లబ్బులో ఎర్రటోపీకి పోటీ ఆర్డిత్ తమ్ముడు డెల్మర్. "నేను గెలిస్తే నలభై నియమాలు చింపేస్తా బావా! మిగిలేది భోజనం టైము ఒక్కటే."

"ముందు కాల్చు, తర్వాత పేలుదువుగాని."

డెల్మర్ కాల్చాడు. ధాం! మనిషెత్తున నురగ లేచింది. జనం ఈలలు వేశారు.

"బావా! నిప్పు భయం రోజుల్లో పేలుడా? రూలు రాసినోడివి నువ్వేగా!"

"నీళ్లురా అవి! పేలుళ్లతో పాటు నీ ప్రేలాపన కూడా నిషేధించాల్సింది." రుజువు చెయ్యడానికి రెండో డబ్బాను వర్లినే కాల్చాడు. అది ఇంకా గట్టిగా పేలింది.

"మరి నీళ్లకి ఆపిల్ వాసనేంటి బావా?"

వర్లిన్‌కి గోడమీది నియమం గుర్తొచ్చింది. పదిహేడో నియమం: తినేవి, తాగేవి గురి బొమ్మగా పెట్టరాదు, కాల్చరాదు, తప్పు చేసినవాళ్లు ఏడాదిపాటు పదవికి అనర్హులు. ఒకప్పుడు గుమ్మడికాయలు కాలిస్తే ఎలుగుబంటి వచ్చి పోటీ మధ్యలో కూర్చుంది. అందుకని ఆయనే రాశాడు.

తలుచుకున్నాడో లేదో, పొదల్లోంచి ఎలుగుబంటి రానే వచ్చింది. సభ్యులంతా తుపాకులు దించి ట్రక్కుల్లో దూరారు. అది మిగిలిన నాలుగు డబ్బాలూ తీరిగ్గా కొరికి తాగి, నీడ చూసుకుని వెల్లకిలా పడుకుంది.

అప్పుడే ఆర్డిత్ భోజనాలతో వచ్చి, భర్త ట్రక్కు పక్కన తన కారు ఆపి, కిటికీలోంచి గ్లాసు అందించింది. "తాగి చూడు. గ్యారేజీలో మిగిలిన డబ్బాలోది. నా ఆపిల్ రసానికి ఏం రోగం వచ్చిందో, చప్పగా ఏడుస్తోంది."

వర్లిన్ తాగాడు. తను కలిపిన రంగునీళ్లే. ఎలుగుబంటిని చూపించాడు.

"అంటే మూడు వారాల నా కష్టం దాని కడుపులో ఉందా మహానుభావా?"

"రెండు డబ్బాలు గాల్లో కూడా ఉన్నాయి."

వర్లిన్ క్లబ్బు తప్పుల పుస్తకం తీసి, పదిహేడో నియమం కింద తన పేరు తనే రాసుకున్నాడు. పదకొండేళ్ల టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. పక్క ట్రక్కులోంచి డెల్మర్ చెయ్యి చాచాడు. "ఇటివ్వు బావా! ఇక పోటీలో నేనొక్కణ్ణే."

"మొదటి డబ్బా కాల్చింది ఎవర్రా?" అంటూ వర్లిన్ రెండో పేరూ రాశాడు.

డెల్మర్ చెయ్యి లోపలికి పోయింది. ఇక ఆ నలభై ఒక్కటిలో ఒక్క నియమమూ తప్పని మనిషి ఎవరా అని అందరూ చూశారు. ఆర్డిత్ ఒక్కతే ఒడిలో పళ్లెమంత ఆపిల్ తీపిరొట్టె పెట్టుకుని కూర్చుంది. ట్రక్కు కిటికీల్లోంచి ఒక్కో చెయ్యీ పైకి లేచింది. అన్నిటికంటే ముందు లేచింది వర్లిన్ చెయ్యి.

"నిజంగానే ఓటు నాకే వేశావా?" అంది ఆర్డిత్, టోపీ సర్దుకుంటూ.

"ఇంట్లో ఉన్న అధికారమేగా, టోపీ ఒక్కటే కొత్త." తీపిరొట్టె ముక్క నోట్లో పెట్టుకుని హాయిగా నవ్వాడు వర్లిన్.

సోమవారానికి గోడమీద నలభై రెండో నియమం వెలిసింది: డబ్బా ఎత్తేముందు భార్యను అడగవలెను. ఎలుగుబంటికి సభ్యత్వం లేనందున దానిమీద ఏ చర్యా తీసుకోలేదు.