డాక్టరమ్మ బండిలో ఎల్డన్

ఆ మంగళవారం ఉదయం ఎల్డన్ ప్రూయిట్ వేసుకున్న పథకం చాలా చిన్నది. కొట్టు తెరవకుండా భార్య మావిస్ వెనకాలే కొండల్లోకి వెళ్ళాలి, చూడవలసింది చూడాలి, మధ్యాహ్నానికి తిరిగొచ్చి ఏమీ ఎరగనివాడిలా భోజనానికి కూర్చోవాలి. ఇంతకంటే పెద్ద పథకాలు వేసినవాళ్ళే ఆ ఊళ్ళో సుఖంగా ఉన్నారు.

మావిస్ ఎక్కడికి వెళ్తోందో అతనికి తెలుసు. తమ ఊరు పిన్యన్ గ్యాప్ నుంచి పదిహేను మైళ్ళు వెళితే, కొండ గోడ మధ్యలో, ఎనిమిది వందల ఏళ్ళ నాడు ప్వెబ్లో అనే అక్కడి ఆదివాసీ జనం కట్టుకున్న రాతి ఇళ్ళున్నాయి. ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చి చూసి పోతుంటారు. ఊళ్ళో వాళ్ళు మాత్రం చుట్టాలొచ్చినప్పుడు తప్ప అటు పోరు. అలాంటిది మావిస్ వరసగా ఆరు మంగళవారాలు వెళ్ళింది. వెళ్ళిన ప్రతిసారీ ఆప్రికాట్ కేకు చేసి, నీలం తువ్వాలు కప్పి మరీ పట్టుకెళ్ళింది. ఎందుకని అడిగితే గాలి మార్పుకి అంది. గాలి మార్పుకి వెళ్ళేవాళ్ళు కేకులు పట్టుకెళ్ళడం ఎల్డన్ ఎక్కడా చూడలేదు. పైగా ఇంట్లో అతనికి మిగిలేవి మాడిన అంచులు.

కేకు తినేది ఎవరో కూడా తెలుసు. ఆర్విన్ సార్రసీనో అని, ఆ ఇళ్ళు చూపించే పెద్దమనిషి. దక్షిణాన ప్వెబ్లో ఊరివాడు, ఆ రాళ్ళు పేర్చిన వాళ్ళ వంశం. ఓసారి ఎల్డన్ ఇనప సామాన్ల కొట్టుకి తలుపు బందుల కోసం వచ్చాడు. నెమ్మదిగా మాట్లాడాడు, అవసరానికి మించి ఒక్క మాట అనలేదు, భుజాలు దాటిన జుట్టు చక్కగా వెనక్కి కట్టుకున్నాడు. వయసు ఎల్డన్ వయసే. ఎల్డన్ నెత్తిన మిగిలిన వెంట్రుకలకైతే ఒక్కోదానికి ఒక్కో పేరు పెట్టుకోవచ్చు. అతను వెళ్ళిపోయాక ఎల్డన్ అద్దంలో చూసుకుని, ఆ అద్దాన్ని ఆ రోజే అమ్మేశాడు.

అసలు మంట జుట్టు గురించి కాదు. ఆ ఇళ్ళ దగ్గరికి చేరాలంటే ముప్ఫై అడుగుల నిచ్చెన ఎక్కాలి. ఎల్డన్ కొట్టులో పదకొండు రకాల నిచ్చెనలు అమ్ముతాడు కానీ ఏ ఒక్కదాని మీదా మూడో మెట్టు ఎరగడు. పై అరలో సామాను కావలసివస్తే పొడుగాటి కొక్కెం కర్రతో లాగుతాడు. అడిగినవాళ్ళకి మోకాలి నొప్పి అని చెబుతాడు. ప్రతి పెళ్ళిరోజుకీ మావిస్ ఆ ఇళ్ళు చూద్దాం రమ్మంటుంది, అతను ప్రతిసారీ మోకాలు పట్టుకుంటాడు. వచ్చే శనివారానికి పెళ్ళై ముప్ఫై ఏళ్ళు. ఇక అడిగి లాభం లేదని, తను ఎక్కలేని చోటికి ఎక్కగలిగిన మగవాణ్ణి చూసుకుంది కాబోలని ఎల్డన్‌కి అనిపించింది. అనిపించినప్పటి నుంచి అతనికి నిద్ర లేదు.

వెనకాల వెళ్ళడానికి ఒకటే అడ్డు, అతని ఎర్ర పికప్ ట్రక్కు. పిన్యన్ గ్యాప్‌లో మనుషుల్ని ముఖం చూసి గుర్తుపట్టరు, బండి చూసి గుర్తుపడతారు. ఎదురొచ్చిన బండిని బట్టి పలకరింపుగా స్టీరింగ్ మీద నుంచి ఒక వేలు ఎత్తడమా, రెండు ఎత్తడమా అనేది ఉంటుంది. అయితే అదే ఊళ్ళో ఇంకో ఆచారమూ ఉంది. ఎవరూ బండిలోంచి తాళంచెవి తీయరు. అవసరమైనవాడు పక్కవాడి బండి తీసుకుపోతాడు, తనది తాళంచెవితో సహా అక్కడ వదిలిపెడతాడు. ముందుగా అడగడం ఆ ఊళ్ళో మర్యాద తక్కువ పని.

లొరెటా కాఫీ హోటల్ వెనక పశువుల డాక్టరు థెల్మా తెల్ల బండి కనిపించింది. ఎల్డన్ తన ఎర్ర బండి దాని పక్కన ఆపి, డాక్టరమ్మ బండి ఎక్కాడు. సీటు మీద ఆవిడ అంగరఖా, పెద్ద టోపీ, నల్ల కళ్ళద్దాలు పడి ఉన్నాయి. థెల్మా భారీ మనిషి కావడంతో అన్నీ సరిపోయాయి. ఆ అంగరఖాకి తొమ్మిది జేబులు, తొమ్మిదింటినిండా పనిముట్లు. ఇక నన్ను కన్నతల్లి కూడా గుర్తుపట్టదని ఎల్డన్ మురిసిపోయాడు.

అది నిజమే. ఎల్డన్‌ని ఎవరూ గుర్తుపట్టలేదు. డాక్టరమ్మని మాత్రం అందరూ గుర్తుపట్టారు. ఊరు దాటేలోపే ఏడుగురు వేళ్ళెత్తారు, ఒకావిడ కిటికీలోంచి పిల్లిని ఎత్తి చూపించింది. మలుపు దగ్గర సెఫెరీనో తాత మేకని పట్టుకుని రోడ్డుకి అడ్డంగా నిలబడ్డాడు. ఆయనకి రెండు కళ్ళలోనూ శుక్లాలు. బండి ఆగగానే, ఎవరేమిటని చూడకుండా మేకని వెనక్కి ఎక్కించేశాడు.

"రెండ్రోజులుగా కుంటుతోందమ్మా బోనీటా. సాయంత్రానికి తెచ్చియ్యి."

నోరు విప్పితే గుట్టు బయటపడుతుంది. ఎల్డన్ తల ఊపాడు.

"గొంతు పోయిందా తల్లీ? పుదీనా కషాయం తాగు" అని తాత దారి ఇచ్చాడు.

అలా మేకతో సహా ఎల్డన్ కొండ ఎక్కాడు. మావిస్ ఆకుపచ్చ కారు అప్పటికే నీడలో ఆగి ఉంది. గేటు దగ్గరున్న అమ్మాయి టిక్కెట్టు ఇచ్చి, జంతువుల్ని ఎండలో బండిలో వదలకూడదని, ఆ చెట్టు కింద బల్లకి కట్టమని చెప్పింది. ఆ బల్ల మీద నీలం తువ్వాలు కప్పిన పళ్ళెం ఉంది. తినుబండారాలు ఆ పాత ఇళ్ళలోకి తీసుకుపోనివ్వరు. ఎల్డన్ బోనీటాని బల్ల కాలికి కట్టాడు. తాడు ఎంత పొడుగు వదలాలో బాగా ఆలోచించే వదిలాడు.

చూడవచ్చినవాళ్ళు ఇరవై మంది. ఎల్డన్ అందరికన్నా వెనక నడిచాడు. ముందు ఆర్విన్, ఆ పక్కనే మావిస్. ఈ ఇళ్ళలో వాళ్ళంతా ఎలా మాయమైపోయారని ఒకాయన అడిగాడు.

"మాయం కాలేదండి. దక్షిణానికి ఇల్లు మారారు. మీరు కిందటేడు ఇల్లు మారితే మిమ్మల్ని మాయమైపోయాడన్నారా?" అన్నాడు ఆర్విన్.

మావిస్ పడీ పడీ నవ్వింది. ఆరుసార్లు విన్న హాస్యానికి ఏడోసారి అలా నవ్విందంటే సంగతి మామూలుది కాదు. ఆ నవ్వు తన ఇంట్లో వినబడి ఎన్నాళ్ళయిందో ఎల్డన్ లెక్క వేసుకోబోయి, భయపడి మానేశాడు. 

నిచ్చెన దగ్గర అతని కాళ్ళు ఆగిపోయాయి. ఇక్కడితో చాలు, మేకని విప్పుకుని ఇంటికి పోదామనుకున్నాడు. అంతలో పైన చివరి మెట్టు దగ్గర ఆర్విన్ చెయ్యి చాపాడు. మావిస్ ఆ చెయ్యి పట్టుకుంది. పట్టుకుని, పైకి చేరాక కూడా వెంటనే వదల్లేదు. ఎల్డన్ ఆ చేతుల మీద నుంచి చూపు తిప్పకుండా ఎక్కడం మొదలుపెట్టాడు. కింద ఏముందో చూడలేదు, మెట్లు లెక్కపెట్టలేదు. ఆ రెండు చేతులూ ఎప్పుడు విడిపోతాయన్నదొక్కటే లెక్క. అవి విడిపోయేసరికి అతను కొండ గోడలోని రాతి అరుగు మీదున్నాడు.

ఆ ఇళ్ళను అతను చూశాడనడం అబద్ధం. మావిస్ టోపీనే చూశాడు. చివర్న అవతలి అరుగు మీదికి పోవడానికి ఒక సొరంగం ఉంది, చేతులూ మోకాళ్ళ మీద పాకవలసిన ఇరుకు దారి. అందరూ దూరి వెళ్ళాక ఎల్డన్ దూరాడు. సగం దూరం బాగానే పాకాడు. తరవాత ఎడమ జేబులో గిట్టల కత్తెర రాతికి పట్టుకుంది, కుడి జేబులో సీసా ఇంకో రాతికి పట్టుకుంది. ముందుకి పోలేడు, వెనక్కి రాలేడు. ఆరడుగుల అవతల వెలుగులో నాలుగు కాళ్ళు కనిపించాయి. రెండు మావిస్‌వి, రెండు ఆర్విన్‌వి.

ఆర్విన్ తలలు లెక్కపెట్టి, డాక్టరమ్మ ఇంకా రాలేదన్నాడు. మిగతావాళ్ళని అరుగు చివరికి వెళ్ళమని, తాను అక్కడే నిలబడ్డాడు. ఎల్డన్ ఊపిరి బిగబట్టాడు.

"ఏడు కేకులు తెచ్చాను ఆర్విన్ గారూ. ఇంకా కాదంటారా?" అంది మావిస్.

"డెబ్భై తెచ్చినా నేను చెప్పేది ఒకటేనమ్మా. నిచ్చెన లేని దారి ఇక్కడ లేదు. ఉంటే మా అవ్వలే దానికి అడ్డంగా గోడ కట్టేవాళ్ళు. ఎవడు పడితే వాడు రాకూడదనే ఇక్కడ కట్టుకున్నారు. మీ ఆయన మోకాలు అంత పాడైపోయిందా?"

మావిస్ అరుగు చివరనున్న వాళ్ళ వైపు ఓసారి చూసింది. "మోకాలు కాదండీ. పెళ్ళైన ఏడాదే పొగగొట్టం బాగుచేస్తానని ఇంటి మీదకెక్కి దిగలేకపోయాడు. ఏం చేస్తున్నావంటే చుక్కలు చూస్తున్నానన్నాడు. అప్పుడు పగలు మూడు గంటలు. కళ్ళకి తువ్వాలు కట్టించి, ఒక్కో మెట్టు చెబుతూ దింపాను. పాపం పరువు కదా అని ఆ రోజు నుంచి మోకాలికి నూనె రాస్తూనే ఉన్నా. శనివారం ఒక్కసారి ఇద్దరం కలిసి ఇక్కడ నిలబడాలని ఉంది, అంతే."

సొరంగంలో ఎల్డన్ కళ్ళనీళ్ళు తుడుచుకోవాలనుకున్నాడు కానీ చేతులు ఆడలేదు. తెలిసీ ముప్ఫై ఏళ్ళు నూనె రాసిన మనిషిని తాను ఏమని అనుమానించాడు? సిగ్గుతో చచ్చిపోయాడు. మావిస్ అని పిలవబోయాడు. సరిగ్గా అప్పుడే ఆమె ఫోను టింగుమంది. కొండ మొత్తం మీద ఫోనుకి ప్రాణమొచ్చేది ఆ అరుగు దగ్గరొక్కచోటే, పొద్దుటి నుంచి పోగుపడ్డవన్నీ ఒక్కసారే దిగాయి.

అన్నీ కాఫీ హోటల్ లొరెటా పంపినవి. మావిస్ పైకే చదివింది. "మీ ఆయన కొట్టు తెరవలేదు." తరవాతది, "మీ ఎర్ర బండి పొద్దున్నుంచీ కోరా ఇంటి ముందే ఉంది." ఆ తరవాతది, "కిటికీలకి తెరలు వేసున్నాయి. నేను చెప్పానని చెప్పకు."

కోరా భర్త పోయి రెండేళ్ళయింది. మంచి మనిషి, మంచి రూపు.

మావిస్ గొంతు చాలా మెల్లగా వచ్చింది. "కోరాది మేడ లేని ఇల్లు. ఎక్కే పని లేదు."

"మావిస్, నేను కోరా ఇంట్లో లేను" అంది సొరంగం.

ఆర్విన్ ఆ చీకటి వైపు శ్రద్ధగా చూశాడు. "మా పెద్దలెవరూ ఇలా మాట్లాడరమ్మా" అన్నాడు.

ఇద్దరూ చెరో చెయ్యి పట్టి లాగితే ఎల్డన్ బయటికొచ్చాడు, రెండు జేబులు లోపలే ఉండిపోయాయి. అంగరఖా, ఆడవాళ్ళ నల్ల కళ్ళద్దాలు, నెత్తిన దుమ్ము. మావిస్ అతన్ని పైనుంచి కిందికి చూసి, ఇవాళ పొద్దున్నుంచీ ఎక్కడున్నావని అడిగింది. ఎల్డన్ ముందు నిజం, అబద్ధం అని రెండు జవాబులున్నాయి, రెండూ మగాణ్ణి నిలబెట్టేవి కావు. నిజమే చెప్పాడు. బండి మార్చిన సంగతి, మేక సంగతి, కేకు సంగతి, ఆరు వారాల సంగతి, అన్నీ చెప్పాడు. కోరా ఇంటి సంగతి మాత్రం తనకీ తెలియదని ప్రమాణం చేశాడు.

ఫోను మళ్ళీ టింగుమంది. ఈసారి డాక్టరు థెల్మా. మీ ఎర్ర బండిలోనే కోరా ఇంటికి వచ్చానని, కోరా గుర్రం కష్టపడి ఈనిందని, పిల్ల కులాసా అని, నా బండి ఎత్తుకుపోయిన మీ ఆయన ధర్మమా అని వంటింటి కత్తెరతో పని కానిచ్చానని రాసింది.

మావిస్ ఫోను జేబులో పెట్టుకుంది. ఊపిరి పీల్చుకుంది కానీ నవ్వలేదు.

"అయితే ఆ నిచ్చెన ఎక్కావన్నమాట."

"ఎక్కాను."

"ముప్ఫై ఏళ్ళు ప్రేమగా అడిగితే ఎక్కలేదు. అనుమానమొచ్చేసరికి ఎక్కావు."

ఎల్డన్ నల్ల కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. తల దించుకున్నాడు. దించుకోవడంతో మొదటిసారి కింద ఉన్న లోయ కనిపించింది. అడుగున పెద్ద పెద్ద చెట్లు కొత్తిమీర కట్టల్లా ఉన్నాయి. అనుమానం పోయింది కాబట్టి దాని వెనక దాక్కున్న భయం మొత్తం తిరిగొచ్చింది. బయటికి పోవడానికి ఇంకో నిచ్చెన ఎక్కాలని ఆర్విన్ మర్యాదగా చెప్పాడు. ఎల్డన్ గోడకి కరుచుకుపోయి, మోకాలు నొప్పిగా ఉందన్నాడు.

మిగతావాళ్ళందరూ ఎక్కేశారు. ఆర్విన్ బతిమాలాడు, మెట్ల బలం గురించి చెప్పాడు, తాడు తెప్పించమంటారా అన్నాడు. ఎల్డన్ కదల్లేదు. మావిస్ కాసేపు మొగుణ్ణి చూసింది, కాసేపు నిచ్చెనని చూసింది. తరవాత టోపీ సర్దుకుని ఆర్విన్ పక్కకి వెళ్ళింది.

"ఆర్విన్ గారూ, నాకెందుకో కళ్ళు తిరుగుతున్నాయి. మీరు ముందెక్కి ఆ చెయ్యి అందిస్తే గానీ ఎక్కలేను" అంది. అని, ఇల్లు మారిన సంగతి ఇంకోసారి చెప్పమంది. ఆయన చెప్పకముందే నవ్వడం మొదలుపెట్టింది.

ఆ నవ్వు మూడో మెట్టు దాటేసరికి ఎల్డన్ రెండో మెట్టు మీదున్నాడు.

గేటు దగ్గర చెట్టు కింద బోనీటా ఖాళీ పళ్ళెం పక్కన పడుకుని ఉంది. నీలం తువ్వాలు కూడా సగమే మిగిలింది. ఆర్విన్ తాడు ఎత్తి, బల్ల కాలి నుంచి పళ్ళెం దాకా కొలిచి చూసి, ఇది కట్టినవాడు కొలత తెలిసినవాడన్నాడు. ఎల్డన్ చెవులు ఎర్రబడ్డాయి. సాయంత్రం మేక కుంటడం మానేసింది. సెఫెరీనో తాత డాక్టరమ్మ హస్తవాసి గురించి ఇప్పటికీ చెప్పుకుంటాడు.

శనివారం భార్యాభర్తలిద్దరూ ఆ ఇళ్ళ ముందు నిలబడ్డారు. అందుకోసం ఆర్విన్ సెలవు మానుకుని వచ్చి, మావిస్‌కి మొదటి మెట్టు నుంచి చివరి మెట్టు దాకా చెయ్యి అందించవలసి వచ్చింది. అందుకు ఆయనకి ముట్టిన కేకుకి అంచులు లేవు, అవి ఎప్పటిలాగే ఎల్డన్‌కి దక్కాయి.

పిన్యన్ గ్యాప్‌లో నేటికీ ప్రతి బండిలోనూ తాళంచెవి వేలాడుతూనే ఉంటుంది, కోరా ఇంటి ముందు ఆగిన చరిత్ర ఉన్న ఒక్క ఎర్ర బండిలో తప్ప.