నల్లబండి మీద డోన్యా చేలా బొమ్మ

ఆ శనివారం పొద్దున్న ఎవారిస్తో వేసుకున్న పథకం చాలా చిన్నది. పోజొలే అనే మెక్సికన్ పులుసు కుండను బండిలోకి ఎక్కించాలి. భార్య అంపారోనీ, తల్లి డోన్యా చేలానీ ముందు సీట్లో కూర్చోబెట్టుకోవాలి. పదకొండు లోపల కిరోగా గారి టైర్ల షాపు పక్కనున్న ఖాళీ స్థలంలో పొయ్యి వెలిగించాలి. ఇందులో తప్పు జరగడానికి చోటెక్కడుంది చెప్పండి!

శాన్ ఆంటోనియో నది ఒడ్డున ఓ పెద్ద రెస్టారెంటుకి అతను ఏళ్ళ తరబడి మేనేజరుగా చేశాడు. అక్కడ సాస్ ప్లాస్టిక్ సంచుల్లో డల్లాస్ నుంచి వచ్చేది. సంచి కత్తిరించి వేడి చెయ్యడమే వంట. ఓ మిరపకాయ ఎక్కువ వెయ్యాలన్నా హెడ్డాఫీసు అనుమతి కావాలి. ఒకరోజు ఒళ్ళు మండి తాళాలు బల్లమీద పెట్టేశాడు. "నెల తిరక్కుండా ఇదే గుమ్మం ముందు నిలబడతావు, చూసుకో!" అన్నాడు యజమాని. ఆ మాట ఎవారిస్తోకి గుచ్చుకునే ఉంది. కిరోగా ఏమో, "మొదటిరోజే ఆలస్యమైతే స్థలం వేపుడు కోడివాడికి ఇచ్చేస్తా, తర్వాత నా కాళ్ళమీద పడినా లాభం లేదు," అని ముందే తేల్చి చెప్పాడు. ఆ స్థలం పోతే మళ్ళీ ఆ రెస్టారెంటు గుమ్మమే గతి.

బండిని మాత్రం చూసి తీరాలి. ఒకప్పుడది రొట్టెలు తోలిన వ్యాను. బావమరిది దగ్గర మిగిలిన రంగు నలుపే కాబట్టి ఇప్పుడు నల్లగా నిగనిగలాడుతోంది. రెండు పక్కలా డోన్యా చేలా ముఖం ఇంతెత్తున వేయించాడు. చుట్టూ గులాబీలు, కింద బంగారు అక్షరాల్లో ఆవిడ పేరు. అమ్మ చేతి వంటంటే ఏమిటో లోకానికి తెలియొద్దూ!

"నన్ను పూలదండలో బిగించేశావేంట్రా?" అంది ముసలమ్మ.

"అందం కోసమమ్మా."

సన్నగా జల్లు పడుతోంది. ఎవారిస్తో లైట్లు వేశాడు. వెనక కుండ నిండా మొక్కజొన్న గింజలు, పంది మాంసం, ఎర్ర మిరపకాయల రసం. "చుక్క తొణికిందో, నీ చెవి నా చేతిలో ఉంటుంది," అని తల్లి హెచ్చరించడంతో బండి నత్తనడక నడుస్తోంది. కాసేపటికి ఎదురొచ్చే కార్లు ఒక్కొక్కటే రోడ్డు పక్కకి తప్పుకుని ఆగడం మొదలుపెట్టాయి. ఓ పెద్దమనిషి టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు. ఎవారిస్తో ఛాతీ ఉప్పొంగిపోయింది.

"చూశావా అంపారో? ఒకడి కింద చాకిరీ మానేసిన మగాడంటే జనానికి ఎంత గౌరవమో!" అంటూ చెయ్యి ఊపాడు.

"గౌరవం సరే, తిరిగి ఒక్కడూ చెయ్యి ఊపడేం? ఆవిడెవరో ఏడుస్తోంది కూడా."

"ఆనందంతో."

చర్చి మలుపు దగ్గర మోటారుసైకిలు పోలీసు అడ్డంగా వచ్చే బళ్ళన్నీ ఆపేసి ఇతన్ని ముందుకు రమ్మన్నాడు. పైగా సెల్యూట్ కొట్టాడు. ఎవారిస్తో కూడా దర్జాగా తిరిగి కొట్టాడు. తీరా మలుపు తిరిగాక చూస్తే ముందు పూలతో నిండిన శవవాహనం, తమ వెనక లైట్లు వేసుకున్న కార్ల బారు.

"అమ్మో! మనం శవయాత్రలో ఉన్నాం! నల్లబండీ, లైట్లూ చూసి మనల్నీ వాళ్ళలో కలిపేశారు!" అని కేక పెట్టింది అంపారో.

"కుడివైపు సందులోకి తిప్పేస్తా."

"నోర్మూసుకుని నడుపు," అంది డోన్యా చేలా. "పోయినవాళ్ళని సగం దారిలో వదిలేసి పోతే మన కొంపకి అరిష్టం."

తిప్పుదామన్నా దారేదీ? ప్రతి సందు దగ్గరా ఇంకో పోలీసు బండి అడ్డంగా నిలబడి ఉంది. అంపారో కిరోగాకి ఫోను చేసింది. మోగుతోంది, ఎత్తడం లేదు. మళ్ళీ చేసింది. ఇంతలో పదకొండు దాటిపోయింది. ఎవారిస్తో కళ్ళముందు ఆ పాత గుమ్మం తలుపులు బార్లా తెరుచుకున్నాయి.

శ్మశానంలో బండి ఆగగానే గొడుగులు చుట్టుముట్టాయి. పోయినావిడకి హ్యూస్టన్‌లో బోలెడుమంది చుట్టాలు. ఆవిణ్ణి చూసి ఏళ్ళయిందేమో, బండిమీది బొమ్మకి శిలువ గుర్తు వేసుకుని దండాలు పెట్టేశారు.

"బండంతా రంగులేయించారంటే ఎంత ప్రేమో!"

"ముఖం మాత్రం గుర్తుపట్టలేనంతగా మారిపోయింది పాపం."

"జబ్బు మనిషిని మార్చెయ్యదూ మరి!"

చక్రాల దగ్గర పూలగుత్తులు పేరుకున్నాయి. డోన్యా చేలా ఎంతసేపని ఓర్చుకుంటుంది? తలుపు తోసి, కర్ర బయటపెట్టింది. "జరగండి నాయనా, ముందు నన్ను దిగనివ్వండి! తర్వాత ఏడుద్దురుగాని."

ఎవరో కెవ్వుమన్నారు. హ్యూస్టన్ పెద్దాయన ఒకడు బొమ్మనీ ఆవిణ్ణీ మార్చి మార్చి చూసి బురదలో చతికిలబడ్డాడు. ఆ కేకలకి వెనక కారులోంచి నల్లసూటు వేసుకున్న మనిషి పరుగెత్తుకొచ్చాడు. చూద్దుముగదా, సాక్షాత్తూ కిరోగా!

ఎవారిస్తో కిటికీలోంచి తల బయటపెట్టాడు. "వచ్చేస్తున్నా కిరోగా గారూ, దారిలోనే ఉన్నా!"

"ఏ దారిలోనయ్యా? ఇది మా మేనత్త అంత్యక్రియలు! షాపు మూసేశామని నీకు చెప్పడం మరిచిపోయాను, అది నా తప్పే. కానీ మా అత్త బండి వెనకే రావాల్సినవాణ్ణి నీ బండి పొగ మింగుతూ వచ్చాను. ఇంక నీకు స్థలం..."

"తిట్లు తర్వాత తిడుదువుగాని బాబూ," అని డోన్యా చేలా అతని చెయ్యి పట్టుకుంది. "పోయి మీ అత్తకి మట్టి వెయ్యి. వచ్చేసరికి పోజొలే వేడిగా ఉంటుంది."

వాళ్ళు ప్రార్థన ముగించేసరికి గేటు బయట పొయ్యి వెలిగింది. అంపారో పులుసు మీద వేసుకోవడానికి క్యాబేజీ తరిగింది, నిమ్మచెక్కలు కోసింది.

"అమ్మా, ఇది అమ్మకానికి తెచ్చిన..." అని నసిగాడు ఎవారిస్తో.

"చావుకొచ్చినవాళ్ళకి అమ్ముతావట్రా? గిన్నెలందుకో!"

వానలో తడిసి, పొద్దుటినుంచి ఏమీ తినని జనం. మొదటి గిన్నెతో ఏడుపులు ఆగాయి, రెండో గిన్నెతో కబుర్లు మొదలయ్యాయి. కిరోగా తన గిన్నె ఖాళీ చేసి, సమాధుల వైపు ఓసారి భయంగా చూసి, గొంతు తగ్గించాడు. "మా అత్త ఇంత బాగా ఎప్పుడూ చెయ్యలేదు."

బురదలో పడ్డాయన మళ్ళీ గిన్నె చాపాడు. "ఎవరిదయ్యా ఈ వంట?"

రెస్టారెంటులో చేసిన అన్నేళ్ళలో ఎవారిస్తోని ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. గరిటె పైకెత్తి, వరసలో చివరనున్నవాళ్ళకి కూడా వినబడేలా చెప్పాడు. "వంట మా అమ్మది. బండి నాది!"

"సోమవారం పదకొండుకి వచ్చెయ్," అన్నాడు కిరోగా. "ఆ వేపుడు కోడివాడికి నేను చెప్పుకుంటా."

ఇప్పుడా పేటలో పెద్దవాళ్ళెవరైనా మంచం పడితే ముందు ఫాదరుకి కబురు పెడుతున్నారు, ఆ వెంటనే ఎవారిస్తోకి.