రాజుగారు నౌకలో దిగలేదు

"ఈ పడమటి కర్నూలులో నేరమనేది ఇంకా బతికుండాదంటే, అది నా కంట పడలేదు కాబట్టి!" అన్నాడు డిటెక్టివ్ ఉరుకుందు, మోటారు సైకిల్ వెనక సీట్లో నిటారుగా కూర్చుని.

బండి నడిపే తిరుపాల్ గుంతలు తప్పించే పనిలో ఉన్నాడు. ఉరుకుందు ఎమ్మిగనూరులో సైకిల్ షాపు మూసేసి డిటెక్టివ్ అయినప్పటి నుంచి పెట్రోలు తిరుపాల్‌దే, తిట్లూ తిరుపాల్‌కే. ఇంతవరకు ఛేదించిన కేసు ఒక్కటే, తప్పిపోయిన పాడి ఎనుము. అది తనంతట తానే ఇంటికి నడిచొచ్చింది. "నా పేరు ఇని బయపడి వచ్చినాది" అని ఉరుకుందు ఇప్పటికీ చెప్పుకుంటాడు.

ఈసారి పిలుపు ఆదోని నుంచి. గోడ పక్కనే, పత్తి నుంచి గింజలు తీసే జిన్నింగ్ మిల్లున్న వ్యాపారుల ఇల్లు. పెద్దావిడ సుబ్బలక్ష్మమ్మ వాకిట్లోనే ఎదురొచ్చింది.

"రేపే దసరా బొమ్మల కొలువు పెట్టాల్నప్పా. పై మెట్టు మీద మా అమ్మ నా పెండ్లికిచ్చిన ఎర్రచందనం రాజూ రాణీ బొమ్మలు ఉండాల. రాణి ఉండాది, రాజు లేడు. జంట ఇడిపోతే ఇంటికి మంచిదా?"

సంగతేమిటంటే, ఆవిడ కోడలు వర్షిణి సైన్సు టీచరు. మనిషి మొదటిసారి అంతరిక్షంలోకి వెళ్లొచ్చిన కథను బడిలో చూపించాలని అల్యూమినియం డబ్బాతో నౌక చేసింది. అందులో కూర్చోబెట్టడానికి అత్తను బతిమాలి రాజుగారిని అడిగి తీసుకుంది. పొద్దున మిద్దె మీద నుంచి వదిలి చూశారు. డబ్బా ప్లాస్టిక్ గొడుగు విప్పుకుని క్షేమంగా వాకిట్లో దిగింది. చూస్తే లోపల రాజు లేడు. తాను వచ్చేదాకా ఎవరూ వాకిలి దాటకూడదని ఉరుకుందు ఫోనులోనే హుకుం వేశాడు.

"నౌక వచ్చినాది, మనిషి మాయం!" ఉరుకుందు భూతద్దం తీశాడు. "దీని ఎనక అంతర్జాతీయ హస్తం ఉండాది తిరుపాలూ!"

"అన్నా, రాజు డబ్బాలో దిగలేదు. గాలిలోనే..." అంది వర్షిణి.

"సాక్షులు అడిగినప్పుడే మాట్లాడాల!"

"అంతరిక్షంలోకి మొదట పోయొచ్చిన గగారిన్ కూడా నౌకలో దిగలేదన్నా. నేల ఇంకా ఏడు కిలోమీటర్లుందనంగా బయటికి ఎగిరి, వేరే పారాచూట్‌తో దిగినాడు. రష్యావాళ్లు ఆ సంగతి శానా ఏండ్లు దాచినారు. నేనూ అట్లే రాజును బయటికి ఎగరేసే స్ప్రింగు, ఆయనకు వేరే గొడుగు పెట్టినా. రాజు గాలికి గోడ అవతలికి, మిల్లు పత్తి కుప్పలోకి పోయింటాడు. నన్ను ఎతకనీయండి. ఇంకాసేపట్లో ఆ పత్తి మిషన్లోకి ఎత్తుతారు, బొమ్మ నలిగిపోతాది."

"ఇది నేరస్థలం! ఎవరూ కదలగూడదు!" ఉరుకుందు చేతులు చాచి గేటుకు అడ్డం నిలబడ్డాడు. "గగారిన్ నౌకలో కూర్చునే దిగినాడు, ఐదో తరగతి నుంచి నాకు తెలుసు. రష్యావాళ్లు పైకి పంపిన ఆ లైకా కుక్క గూడా సుఖంగా దిగొచ్చి రొట్టె తినినాది."

"లైకా తిరిగి రాలేదన్నా. పైనే చచ్చిపోయినాది. దానికంటే శానా ముందు పైకి పోయినవి ఈగలు."

"ఈగలా!" ఉరుకుందుకు అవమానమైంది. తిరుపాల్‌కు మాత్రం ఆ కుక్క మీద నిజంగానే జాలేసింది.

"మరి అంతరిక్షంలో రాసే పెన్నుకు అమెరికావాళ్లు కోట్లు తగలేస్తే, రష్యావాళ్లు పెన్సిల్‌తో రాసుకున్నారంటారే?" అనడిగాడు తిరుపాల్.

"మొదట ఇద్దరూ పెన్సిళ్లే వాడినారన్నా. ఆ పెన్ను ఒక కంపెనీ తన ఖర్చుతో చేసి అమ్మితే, ఇద్దరూ కొన్నారు."

పొద్దున్నే ఆ కథను చుట్టాల గ్రూపులో పెట్టి, కింద "మెదడుంటే చాలు" అని రాసొచ్చిన తిరుపాల్, మెల్లగా ఫోను జేబులోకి తోశాడు.

"తేలిపోయినాది!" ఉరుకుందు వేలు పైకెత్తాడు. "లోకమంతా ఒప్పుకున్న చరిత్రనే కాదంటాండాది ఈమె. అట్లాంటి మనిషికి బొమ్మ దాచేది ఒక లెక్కా? దొంగ ఈమే!"

వర్షిణి అత్తవైపు చూసింది. సుబ్బలక్ష్మమ్మ అవుననలేదు, కాదనలేదు. ఆ ఇంటికొచ్చి ఏడాది కూడా నిండని పిల్లకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అవతల మిల్లులో మిషను మోత మొదలైంది.

"రుజువు చేస్తా సూడండి!" ఉరుకుందు మిల్లు వైపున్న వెడల్పాటి పాత గోడ మీదికి ప్లాస్టిక్ కుర్చీ ఎక్కించి, తానూ ఎక్కి కూర్చున్నాడు. "ఈ కుర్చీ నౌక. నేను గగారిన్. కుర్చీ యాడ దిగితే నేనూ ఆడనే..."

కుర్చీ కాలు జారింది. కుర్చీ వాకిట్లో దిగింది. డిటెక్టివ్ మాత్రం గోడ అవతల దిగాడు.

"మిషను ఆపండప్పా!" అని అరుస్తూ తిరుపాల్ గేటు దాటి పరిగెత్తాడు. మోత ఆగింది. పత్తి కుప్పలో రెండు కాళ్లు తప్ప ఉరుకుందు కనిపించలేదు. కాళ్లు పట్టి లాగితే తెల్లగా బయటికొచ్చాడు. మెడకు నాలుగు దారాలు చుట్టుకునున్నాయి. వాటికొక ప్లాస్టిక్ గొడుగు, కింద వేలాడుతూ ఎర్రచందనం రాజు, గీత కూడా పడకుండా.

"పట్టేసినా! కుట్ర లోపలికి దూరి పట్టేసినా!"

అతన్నెవరూ పట్టించుకోలేదు. సుబ్బలక్ష్మమ్మ బొమ్మను కొంగుతో తుడిచి కోడలి చేతిలో పెట్టింది. వర్షిణి దారాలు విప్పబోయింది.

"ఆ దారాలు ఇప్పొద్దు, ఉండనీ. రేపు పై మెట్టు మీద గొడుగుతోనే పెట్టు. వచ్చినోళ్లందరికీ రాజు ఎట్ల దిగినాడో నువ్వే సెప్పాల." ఆవిడ కోడలి చెయ్యి పట్టుకుంది. "ఇందాక నోరు తెరవకుండా నిలబడినా సూడు, తప్పు నాదేనమ్మా."

వర్షిణి ఏడుస్తూనే నవ్వి, అత్త భుజం మీద తల ఆనించింది.

రెండు చెవుల్లో పత్తి కూరుకుపోయిన ఉరుకుందు మాత్రం, అందరూ తననే పొగుడుతున్నారనుకుని నాలుగు దిక్కులకూ వంగి వంగి దండాలు పెట్టాడు.