ప్రతిపక్షంలో కూతురుంటే తల్లికి నిశ్చింత

తల్లులారా, మీ పిల్లలు క్షేమంగా ఉండాలంటే వాళ్లను నర్సులను చేయకండి, డ్రైవర్లను చేయకండి. శాసనసభకు పంపండి. అదీ ప్రతిపక్షంలోకి! అంతకంటే అపాయం లేని ఉద్యోగం ఈ టొరంటోలో ఇంకొకటి లేదని ఎనిమిదేళ్లుగా చూసి మరీ చెబుతున్నాను.

నేను భయస్థురాలిని. ఆరో తరగతితో చదువాపి ఖాట్మండులో తివాచీలు నేసినదాన్ని. అంబులెన్స్ కూత వినబడితే మా ఇంట్లోవాళ్లు ఎవరెవరు బయట ఉన్నారో తలచుకుని వణుకుతాను. మా అమ్మాయి నోర్జోమ్ ఎన్నికల్లో నిలబడుతున్నానని చెప్పినరోజు నేను చేసిన మొదటి పని ఏమిటో తెలుసా? ఉన్ని మేజోళ్లు నాలుగు జతలు సంచిలో సర్దడం. మరి మన టిబెట్‌లో రాజకీయం మాట్లాడినవాళ్లు ఎక్కడికి వెళ్లారు? జైలుకేగా! అక్కడ నేల చల్లగా ఉంటుందని మా నాన్న చెప్పేవాడు.

పిల్ల గెలిచింది. మా పార్క్‌డేల్ పేటలోని మనవాళ్లంతా తెల్లటి ఖతాలు తెచ్చి మెడలో వేశారు. ఆ సిల్కు కండువాల గుట్టలోంచి ముక్కు ఒక్కటే కనబడుతుంటే, ఊపిరాడదేమోనని సగం నేనే లాగేశాను. రాజకీయాల్లో ఆమెకు ఎదురైన ప్రాణాపాయం అదొక్కటే.

ఎందుకంటారా? అక్కడ ఆమె ఎవరినీ ఏమీ చేయగలిగింది లేదు. కాబట్టి ఆమెను ఎవరూ ఏమీ చేయరు!

నోర్జోమ్ ఒక బిల్లు పెట్టింది. అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్ పాడైతే యజమాని పద్నాలుగు రోజుల్లో బాగు చేయించాలి. అంతే. యజమానులు పగబట్టరూ? కానీ పగబట్టాలంటే ముందు అది చట్టం కావాలిగా! నాలుగేళ్లు కాగితం కాగితంలాగే ఉంది. ఎంత భద్రం! ఇళ్ల వ్యవహారాలు చూసే మంత్రిగారు ప్రతి సమావేశంలోనూ లేచి గౌరవ సభ్యురాలి శ్రద్ధను అభినందించేవారు. చర్చకు మాత్రం రానిచ్చేవారు కారు. తిట్టేవాళ్లకు భయపడాలి గానీ అభినందించేవాళ్లతో భయమేమిటి?

ఒక్కసారి మాత్రం గండం అంచుదాకా వచ్చింది. ఎన్నికలకు ముందు సభకు ఆఖరి రోజు. మంత్రిగారు స్వయంగా ఆమె సీటు దగ్గరికొచ్చి, అరగంట ఖాళీ ఉంది, మీ బిల్లు తీసుకోమంటారా అని అడిగారట. మా పిల్ల ఏమంది? "పరవాలేదండీ, ముందు పెద్దవాళ్లవి కానివ్వండి" అంది.

ఇది నా పెంపకం. మన ఇళ్లలో టీ ఇస్తామంటే మొదటిసారి వద్దనాలి. రెండోసారీ వద్దనాలి. మూడోసారి వాళ్లే పోసేస్తారు, అప్పుడు తాగాలి. మొదటి మాటకే కప్పు చాపితే పరువు పోతుంది. నోర్జోమ్ ఎనిమిదేళ్లప్పుడు ఒకసారి చాపితే నేనే గిల్లాను. ఇంగ్లీషు వచ్చినా, పదవి వచ్చినా ఆ గిల్లుడు పోలేదు. మంత్రిగారు రెండోసారి అడుగుతారని కూర్చుంది. ఆయన "ఓకే" అని పక్క సీటుకు వెళ్లిపోయారు. సభ ముగిసింది. సభతో పాటే బిల్లూ పోయింది.

ఆ సాయంత్రం నా వంటింట్లో కూర్చుని, "ఇంకోసారి అడుగుతాడనుకున్నానమ్మా" అంది. నేను ఒకప్పుడు గిల్లిన చేతిని నిమిరాను. పోనీలెండి, యజమానుల పగ తప్పిపోయిందిగా!

ఇప్పుడు మా లిఫ్ట్ ఆగి ఏడు వారాలు. అదీ మేలే. తెగి పడుతుందేమోనని పదకొండో అంతస్తు దాకా మంత్రం చదువుకునేదాన్ని. ఆగిపోయింది ఎలా పడుతుంది? పద్నాలుగో అంతస్తులో ఉండే జంపా తాతకు ఎనభై రెండేళ్లు. ఆయన రోడ్డు దాటుతుంటే కారు గుద్దుతుందని నాకు బెంగగా ఉండేది. ఇప్పుడాయన రోడ్డు మీద కాలు పెట్టి ఏడు వారాలు! రోజూ మధ్యాహ్నం నేనే థుక్పా నూడుల్స్ సూపు గిన్నె పట్టుకుని మూడంతస్తులు ఎక్కుతాను.

"నీ కూతురి చట్టం ఎక్కడిదాకా వచ్చిందే?" అంటాడు జపమాల తిప్పుతూ.

"మెట్లెక్కుతోంది తాతా."

"త్వరగా రమ్మను. నేను ఉండగా వస్తే గుర్తుపడతాను."

ఆ ఎన్నికలు ఇప్పుడు వచ్చాయి. పోయినవారం ఆ మంత్రిగారే తమ పార్టీ అభ్యర్థికి ఓట్లడుగుతూ మా బిల్డింగ్‌కు వచ్చారు. లిఫ్ట్ లేదుగా, పదకొండు అంతస్తులూ ఎక్కారు. గుమ్మంలో నిలబడేసరికి మొహం బీట్‌రూట్‌లా ఉంది. నా భయం నాది! ఈయన ఇక్కడ పడిపోతే ప్రతిపక్ష సభ్యురాలి తల్లి ఏదో పెట్టి చంపిందనరూ? ముందు కుర్చీ వేశాను. మంచినీళ్లు ఇచ్చాను. ప్రాణానికి ఢోకా లేదని తేలాక, అప్పుడే కాచిన వెన్న టీ ఫ్లాస్కు చేతిలోకి తీసుకుని, టీ తాగుతారా అని అడిగాను.

ఎవరో మన మర్యాదలు నేర్పి పంపినట్టున్నారు. ఆయన రెండు చేతులూ జోడించి, "వద్దమ్మా, మీకెందుకు శ్రమ" అన్నారు. అని, ఫ్లాస్కు మీంచి చూపు తిప్పకుండా కూర్చున్నారు.

ఆయనకు మన పద్ధతి వచ్చింది. ఇన్నేళ్లలో నాకు వాళ్ల పద్ధతి వచ్చింది.

"ఓకే" అని మూత బిగించాను.

ఆయన మెట్లు దిగిపోయాక ఆ టీ జంపా తాతకు పట్టుకెళ్లాను. ఆయన రెండుసార్లు వద్దన్నాడు. నేను మూడోసారి అడిగి పోశాను.