గజపతినగరంలో హ్యాకథాన్

ఆదివారం పొద్దున్నే విశాలి తలంటుకుని, లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని, ఆనాటి పనులన్నీ ఒక కాగితం మీద రాసుకుంది. ఎనిమిదికి కల్యాణ మండపం తాళాలు తీయించాలి. ఎనిమిదిన్నరకి బల్లలు వేయించి, ఇంటర్నెట్ పెట్టె తగిలించాలి. తొమ్మిదికి హ్యాకథాన్ మొదలు. వెబ్‌సైట్లు తయారుచేసేవాళ్ళంతా ఒకచోట చేరి, సాయంత్రంలోగా పదిమందికి పనికొచ్చేది ఒకటి కట్టి చూపించడమే హ్యాకథాన్. విశాఖపట్నంలో నెలనెలా జరుగుతూనే ఉంటాయి. గజపతినగరంలో ఇదే మొదటిది.

దీని వెనక ఒక పంతం ఉంది. విశాలి ఇంట్లో కూర్చునే బయటి కంపెనీలకి వెబ్‌సైట్లు చేస్తుంది. మూడు నెలల కిందట విశాఖ డెవలపర్ల సంఘం సమావేశంలో లేచి, "ఒకసారి మా ఊళ్ళో పెట్టండి" అని అడిగింది. సంఘం కార్యదర్శి దీక్షిత్ మైకులోనే నవ్వాడు. "గజపతినగరంలోనా? ఎవరొస్తారండీ, ఆవులా?" అన్నాడు. హాలంతా ఘొల్లుమంది.

విశాలి కూర్చోలేదు. "యాభై మందిని తెస్తాను. మీరే వచ్చి లెక్కపెట్టుకోండి. వస్తే మా ఊళ్ళో మీ సంఘం శాఖ పెట్టాలి. యాభైకి ఒక్కరు తగ్గినా మళ్ళీ మీ గడప తొక్కను" అంది.

అరవై రెండు మంది పేర్లిచ్చారు. అయినా ఊళ్ళో కాలేజీ పిల్లలకి కూడా తెలిస్తే మంచిదని, శుక్రవారం మైకు ఆటో ధనరాజ్‌కి ఫోన్లో రాసి పంపింది: "హ్యాకథాన్ ఆదివారం ఉదయం తొమ్మిదికి. కల్యాణ మండపం. అందరూ రండి. ఇట్లు, కూర్మనాథం గారమ్మాయి విశాలి." ఆ తర్వాత రెండు రోజులూ చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని కంపెనీ పనిలో మునిగిపోయింది. ఆటో ఆ వీధిలోంచి ఆరుసార్లు వెళ్ళింది. ఆమెకి ఒక్కసారీ వినపడలేదు.

ఎనిమిదింటికి మండపానికి వెళ్ళేసరికి తాళాలు తీసే ఉన్నాయి. బల్లలన్నీ గోడవారకి చేరిపోయాయి. నేలంతా జంపఖానాలు. వేదికకి బంతిపూల దండలు. అప్పటికే వందమంది దాకా కూర్చుని ఉన్నారు, సగానికి పైగా ఆడవాళ్ళే. ముందు వరసలో కాళ్ళు బారజాపుకుని ఒకావిడ మరమరాలు తింటోంది. పక్క పల్లెలో మూడెకరాల వరి పండించే జగ్గమ్మ ఆవిడ.

"ఏటమ్మా, ఎప్పుడు మొదలెడతారు? పసువులకి కుడితి కూడా పెట్టకండా వొచ్చీసినాను" అంది జగ్గమ్మ.

విశాలి వెళ్ళి, మైకు సరిచేస్తున్న ధనరాజ్‌ని పక్కకి లాగింది.

"అన్నా, ఏమని చెప్పావు ఊళ్ళో?"

"నువ్వు పంపిందే సెప్పినాను. హరికథ ఆన్ ఆదివారం."

"అందులో హరికథ ఎక్కడుంది?"

"నువ్వు అచ్చరం తప్పు కొట్టీసినావులే అని నేనే సరిదిద్దినాను" అన్నాడు ధనరాజ్ గర్వంగా. "గుడిలో పాడే కూర్మనాథం గారి కూతురివి. కార్తీక మాసం. మరేటి పెడతావనుకుంటారు?"

ఇంతలో ఆమె ఫోను మోగడం మొదలుపెట్టింది. పేర్లిచ్చినవాళ్ళ దగ్గర్నుంచి ఒకటే మెసేజీలు. మండపం హరికథకి ఇచ్చేశారట కదా, మీ కార్యక్రమం ఆగిపోయిందట కదా, మళ్ళీ పెట్టినప్పుడు చెప్పండి అని. ఆటో వాళ్ళ వీధుల్లో కూడా తిరిగింది మరి. తొమ్మిదయ్యేసరికి లాప్‌టాప్ పట్టుకుని వచ్చినవాళ్ళు పదకొండు మంది. జంపఖానాల మీద కూర్చున్నవాళ్ళని లెక్కపెట్టే ఓపిక ఎవరికీ లేదు.

అంతటితో అయిపోలేదు. పట్టుపంచె, మెడలో పూలదండ, కాళ్ళకి గజ్జెలు, చేతిలో చిడతలతో గుమ్మంలో కూర్మనాథం ప్రత్యక్షమయ్యాడు. ఒకప్పుడు ఆయన చుట్టుపక్కల ఊళ్ళన్నిటా హరికథలు చెప్పేవాడు. పిలిచేవాళ్ళు తగ్గిపోయి తొమ్మిదేళ్ళయింది. శుక్రవారం ఆటోలో కూతురి పేరు విన్నప్పటినుంచీ ఆయనకి నిద్ర లేదు. తనకి తెలియకుండా ఏర్పాటు చేస్తోందని, తెలిసినట్టు ఉంటే పిల్ల చిన్నబుచ్చుకుంటుందని, రెండు రోజులు పెరట్లో గొంతు తగ్గించి సాధన చేశాడు.

"చెప్పకుండా ఎంత పని చేశావే తల్లీ" అన్నాడు. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి.

కాదని చెప్పడానికి విశాలి ఒక అడుగు ముందుకేసింది. సరిగ్గా అప్పుడే రైలు దిగి దీక్షిత్ వచ్చాడు, వెంట ఇద్దరు సభ్యులు. ఆయన జంపఖానాలనీ, బంతిపూలనీ, గజ్జెలనీ వరసగా చూశాడు.

"రద్దయిందని రాసేస్తానండీ. సిగ్గుపడాల్సిందేం లేదు. చిన్న ఊళ్ళలో ఇలాంటివి మామూలే" అన్నాడు జాలిగా.

ఆ జాలి విశాలికి కారం పూసినట్టయింది. "రద్దెందుకు? యాభై దాటారు కదా, లెక్కపెట్టండి."

"వీళ్ళు డెవలపర్లు కారు కదండీ."

"యాభై మంది అన్నాను. డెవలపర్లు అనలేదు. మనం చేసే వెబ్‌సైట్లు వాడాల్సింది వీళ్ళే. వాడేవాళ్ళు లెక్కలోకి రాకపోతే మనం ఎవరికోసం చేస్తున్నట్టు? కూర్చోండి."

వేదికెక్కి మైకు అందుకుంది. 

"అమ్మా, అయ్యా, పొరపాటు జరిగింది. నేను పెట్టింది హరికథ కాదు, కంప్యూటర్ల పని. అయినా పిలిచి పంపించెయ్యను. పన్నెండింటికి మా నాన్నగారు హరికథ చెప్తారు. అందాకా మీరు నాకో సాయం చెయ్యాలి. ఫోన్లో మిమ్మల్ని బాగా ఏడిపించిన పనేదో ఒకటి చెప్పండి."

కూర్మనాథం మొహం వాడిపోయింది. చిడతలు మెల్లగా ఒళ్ళో పెట్టుకుని ఒక మూల కుర్చీలో కూర్చున్నాడు. ఆయన వైపు చూస్తే మాట ఆగిపోతుందని విశాలి అటు చూడలేదు.

 ముందుగా జగ్గమ్మ చెయ్యెత్తింది. "కోత మిసను అద్దెకి కావాలంటే మా కుర్రోడు ఫోన్లో ఏదో నొక్కమన్నాడమ్మా. నొక్కితే నంబరేదో పంపుతాదట. మాకు సిగ్నలు మేడ మీదే ఉంటాది. నేను మేడెక్కి నంబరు సూసుకుని దిగీసరికి టైము అయిపోనాదంటాది. నాలుగుసార్లు ఎక్కినాను. మోకాళ్ళు పోనాయి గానీ మిసను రాలేదు."

"నాకూ అంతే!" అని నాలుగు గొంతులు లేచాయి. ఆ తర్వాత ఇక ఆపడం ఎవరివల్లా కాలేదు.

ఆ కోత మిషన్ల సైటు చేసింది దీక్షిత్ కంపెనీయే. ఆయన మొహం ఎర్రబడింది. ఒక్క గంతులో వేదికెక్కి, తెర మీద దాన్ని తెరిచాడు. "ఇది ఈ ఏడాది ట్రెండ్. అంతర్జాతీయ సదస్సులో మెచ్చుకున్నారు" అన్నాడు. నల్లటి తెర మీద భూగోళం మెరుస్తూ గుండ్రంగా తిరిగింది. దాని చుట్టూ బంగారు రంగు వరికంకులు ఎగిరాయి.

జగ్గమ్మ లేచి దగ్గరికొచ్చి చూసింది. "బాగుంది బాబూ. తిరుగుతన్నాది. మిసను ఎక్కడున్నాది?"

"కిందకి స్క్రోల్ చెయ్యాలమ్మా."

"నా ఫోన్లో సూపించు."

దీక్షిత్ ఆవిడ ఫోను తీసుకున్నాడు. భూగోళం సగం వచ్చి ఆగిపోయింది. సిగ్నలు కోసం మండపం మేడ మీదకి వెళ్ళాడు. కిందకి వచ్చాడు. మళ్ళీ వెళ్ళాడు. మూడోసారి దిగేటప్పుడు మెట్ల మీద కూర్చుండిపోయాడు. జనం ఆయనకి మంచినీళ్ళిచ్చారు. ఎవరూ నవ్వలేదు, అదే ఆయనకి మరీ కష్టమనిపించింది.

విశాలి పదకొండు మందినీ పదకొండు చోట్ల కూర్చోబెట్టింది. ఒక్కొక్కరి చుట్టూ పాతికమంది చేరారు. "అచ్చరాలు పెద్దవి సెయ్యి", "ఆ బొమ్మ తీసీ", "ఆ ఇంగిలీసు మాట ఏటి, తెలుగులో రాయి" అని నెత్తిన కూర్చున్నారు. పన్నెండింటికి కూర్మనాథం లేచాడు. రుక్మిణీ కల్యాణం ఎత్తుకున్నాడు. మొదట గొంతు కాస్త బొంగురుపోయింది కానీ, పావుగంటకి మండపం ఆయన చేతిలోకి వచ్చేసింది. కృష్ణుడికి రుక్మిణి పంపిన కబురు దగ్గర ఆగి, "ఆ తల్లి చేసిన పుణ్యం, అప్పట్లో ఓటీపీ లేదు గనక కబురు చేరింది" అన్నాడు. జనం చప్పట్లు ఆపడానికి చాలాసేపు పట్టింది. విశాలి కీబోర్డు మీంచి తలెత్తి చూసింది. తండ్రి ఆమె వైపే చూస్తూ చిడతలు మోగించాడు.

మూడింటికి కోత మిషను అడగడానికి కొత్త పేజీ తయారయింది. బొమ్మలు లేవు, నంబరు గోల లేదు. ఊరు పేరు, ఎకరాలు, తేదీ, అంతే. చదవలేనివాళ్ళ కోసం ప్రశ్నలు గొంతుతో వినిపించాలనుకున్నారు. ఆ గొంతు ఎవరిదో ఎవరూ చర్చించలేదు. కాకపోతే "మీ ఊరు పేరు చెప్పండి" అన్నది కూర్మనాథం మోహన రాగంలో అందుకున్నాడు.

"మామూలుగా చెప్పు నాన్నా."

"గమకం లేకుండా మాటేమిటే?"

ఏడోసారికి మామూలుగా చెప్పాడు. జగ్గమ్మ జంపఖానా మీద కూర్చుని, మేడెక్కకుండా, తన ఫోన్లోనే మిషను అడిగింది. ఆవిడ అడిగిన మిషను కబురు నేరుగా దీక్షిత్ ఆఫీసుకే చేరింది. అక్కడినుంచి ఆయనకి ఫోనొచ్చింది. ఆయన పక్కకెళ్ళి చాలాసేపు "అవునండీ, నేనిక్కడే ఉన్నానండీ" అని మాట్లాడి వచ్చి, హాజరు కాగితం తీసి మొదటి వరస నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. రెండు వందల ఎనభై నాలుగు దగ్గర పెన్ను పెట్టి సంతకం చేశాడు.

"శాఖ ఇస్తున్నాం. ఇంకో మాట. వచ్చే నెల విశాఖలో మా వార్షిక సదస్సు. 'వెబ్ రేపటి రూపం' మీద మొదటి ఉపన్యాసం నాది. నా బదులు మీరు మాట్లాడాలి" అన్నాడు నేల చూపులు చూస్తూ.

"నేను రాను. మోకాళ్ళు నొప్పి పెట్టింది నాకు కాదు కదా. జగ్గమ్మ గారిని అడగండి."

దీక్షిత్ వెళ్ళి జగ్గమ్మ ముందు జంపఖానా మీద కూర్చుని అడిగాడు. ఆవిడ ఆలోచించి, ఒక్కదాన్నే అంత దూరం రాలేనంది. సాయంత్రానికి ఆవిడతో వచ్చేవాళ్ళు ముప్ఫై మంది తేలారు, అందరికీ పాసింజరు రైల్లో కిటికీ పక్క సీటే కావాలట.